మందుల సంచి మంచం మీద గుమ్మరిస్తే

మా కమలాపురంలో పెద్దవాళ్ళున్న ఏ ఇంటికైనా పోండి. గోడకున్న కొయ్యకు ఒక గుడ్డసంచి వేలాడుతుంటుంది, లేకుంటే కిటికీలో పాత మిఠాయి డబ్బా ఒకటి ఉంటుంది. ఆ ఇంటి అవ్వాతాతల మందులన్నీ అందులోనే. బీపీ మాత్రలు కడప డాక్టరు రాసినవి. మోకాళ్ళ నొప్పులవి ప్రొద్దుటూరులో ఎముకల డాక్టరు రాసినవి. షుగరువి కొన్ని కడప చీటీతో కొన్నవి, కొన్ని ఊళ్ళోకొచ్చే సర్కారు మందుల బండిలో ఇచ్చినవి. కాళ్ళు వాస్తే వీధి చివరి ఆరెంపీ ఇచ్చినవి వేరే. నిద్ర పట్టలేదని అంగట్లో అడిగి తెచ్చుకున్నవి ఇంకొన్ని. కువైట్ నుంచి మనవడు సెలవుకొస్తూ పట్టుకొచ్చిన డబ్బా సరేసరి. ఇచ్చినవాళ్ళంతా మేలు కోరే ఇచ్చారు. అయితే ఆ సంచి మొత్తాన్ని ఒక్కసారి ఒక్కచోట పెట్టి చూసినవాళ్ళు మాత్రం ఒక్కరూ ఉండరు. ఈసారి సైన్సు కబుర్లు దాని గురించే.

మా వీధిలో నాకు వదినె వరసయ్యే ఒకామె ఉంది. 78 ఏళ్ళు, 45 కిలోల మనిషి. పోయిన ఎండాకాలం నుంచి ఆమెకు ఒంట్లో ఏదో ఒకటి బాగుండటం లేదు. మంచం మీంచి లేచి నిలబడితే కండ్లు బైర్లు కమ్ముతాయి. తెల్లవారుజామున ఒళ్ళంతా చెమటలు పట్టి చేతులు వణుకుతాయి. సాయంత్రానికి పాదాలు ఉబ్బుతాయి. రాత్రి నాలుగైదుసార్లు ఒంటేలుకు లేవాలి. అట్లా లేచే ఒక రాత్రి బచ్చలి దగ్గర పడింది, ఎముక విరగలేదు, అంతవరకు అదృష్టం. చూడ్డానికొచ్చిన వాళ్ళంతా అన్న మాట ఒకటే: వయసు మీద పడింది కదా!

ఆమె చెల్లెలి మనవరాలు కడపలో ఫార్మ్‌-డి, అంటే ఫార్మసిస్టు చదువు, చదువుతోంది. పండక్కొచ్చినప్పుడు ఆ పిల్ల సంచి తీసి మంచం మీద గుమ్మరించింది. పది రకాలు తేలాయి.

“అవ్వా, ఇవన్నీ రోజూ వేసుకుంటాండావా?”

“వేసుకోకుంటే ఎట్ల పాపా? డాక్టర్లు ఊరికే రాస్తారా?”

“ఇదెందుకు ఇచ్చినారు?”

“అదా... ఆయప్ప ఇచ్చినాడు, వేసుకుంటాండా.”

ఆ పిల్ల ‘ఇది మానెయ్, అది పారెయ్’ అని ఒక్క మాట అనలేదు. ఒక్కొక్క స్ట్రిప్పూ తిప్పి, పైనున్న పెద్దక్షరాలు వదిలేసి, కింద చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్నది చదివింది. నోటుబుక్కులో గళ్ళు గీసి రాసుకుంది: మందు ఏది, ఎవరు రాశారు, ఎందుకు రాశారు, ఎప్పటి నుంచి, రోజుకెన్ని, నిజంగా వేసుకునేదెన్ని. ‘రాసింది’ ఒక గడి, ‘వేసుకునేది’ ఇంకో గడి పెట్టిందే, అది నాకు బాగా నచ్చింది. ఆ రెండూ ఒకటే అయిన ఇల్లు అరుదు.

ముందుగా తేలింది ఏందంటే, ఒకే మందు రెండు పేర్లతో సంచిలో ఉంది. మన దేశంలో ఒకే రసాయనాన్ని పదుల కంపెనీలు పదుల పేర్లతో అమ్ముతాయి. టెల్మా, టెల్వాస్, టెల్మికైండ్, టాజ్‌లాక్, ఇవన్నీ టెల్మిసార్టన్ అనే ఒకే ఒక్క బీపీ మందు. వదినె సంచిలో కడప డాక్టరు రాసిన టెల్మా-హెచ్ ఉంది. సర్కారు బండిలో ఇచ్చిన స్ట్రిప్పు మీద టెల్మిసార్టన్ అని అసలు పేరే ఉంది. పేర్లు వేరు, రంగులు వేరు, కాబట్టి రెండూ వేసుకుంటోంది. షుగరు మాత్రల్లోనూ అదే కథ. గ్లైకోమెట్-జీపీ అనే మాత్రలో మెట్‌ఫార్మిన్‌తో పాటు గ్లిమెపిరైడ్ కలిసి ఉంటుంది. బండిలో ఇచ్చింది విడిగా గ్లిమెపిరైడ్. ఈ గ్లిమెపిరైడ్ పని, క్లోమాన్ని తట్టి ఇన్సులిన్ విడిపించడం. మనిషి తిన్నాడా లేదా అని అది చూడదు. వదినె రాత్రి ఏడింటికే పిడికెడు సంగటి తిని పడుకుంటుంది. రెండింతల మందు పడేసరికి తెల్లవారుజాముకు రక్తంలో చక్కెర అడుగంటుతుంది. ఆ చెమటలు, ఆ వణుకు, అవన్నీ చక్కెర పడిపోయిన గుర్తులు. వయసుకూ వాటికీ సంబంధం లేదు.

ఇది మా వీధి సంగతే అనుకోవద్దు. అమెరికాలో 65 దాటినవాళ్ళు మందుల దుష్ఫలితాలతో అత్యవసరంగా ఆసుపత్రిలో చేరిన కేసుల్ని అంచనా కట్టి 2011లో ఒక వ్యాసం అచ్చేశారు. మూడింట రెండొంతుల కేసులకు నాలుగే నాలుగు రకాల మందులు కారణం: వార్ఫరిన్, ఇన్సులిన్, ఆస్పిరిన్ వంటి రక్తం గడ్డకట్టనియ్యని మాత్రలు, నోటితో వేసుకునే షుగరు మాత్రలు. ఏదో కొత్తరకం భయంకరమైన మందు కాదు, మనందరి ఇళ్ళలో దినామూ ఉండేవే.

సరే, ఒంట్లోకి పోయిన మందు మళ్ళీ బయటికెట్లా పోతుంది? కొంత కాలేయం విరిచేస్తుంది, కొంత మూత్రపిండాలు వడగట్టి పారేస్తాయి. వయసు పెరిగే కొద్దీ ఈ రెండు పనులూ నెమ్మదిస్తాయి. ఒంట్లో నీరు తగ్గి కొవ్వు పాలు పెరుగుతుంది. అందుకే కొవ్వులో కరిగే నిద్రమాత్రలు, డయాజిపామ్ లాంటివి, ముసలివాళ్ళ ఒంట్లో రోజుల తరబడి నిలిచిపోతాయి. ముప్ఫై ఏళ్ళ వాడికి ఒక రాత్రి నిద్రపట్టించే బిళ్ళ, వాళ్ళ అవ్వను రెండోనాడు మధ్యాహ్నం దాకా తూలిస్తుంది.

మూత్రపిండాల సంగతిలో ఒక మోసం ఉంది, దాన్ని కాస్త నిదానంగా చెప్తాను. రక్తపరీక్ష కాగితంలో క్రియాటినిన్ అని ఒక అంకె ఉంటుంది. అది కండరాల నుంచి పుట్టే వ్యర్థం. మూత్రపిండం సరిగ్గా వడగట్టకపోతే రక్తంలో పేరుకుంటుంది, అంకె పెరుగుతుంది. వదినె కాగితంలో 1.0 అని ఉంది. పక్కనే ‘నార్మల్’ అని అచ్చు కూడా ఉంది. అందరూ నిమ్మళపడ్డారు. కానీ 45 కిలోల ముసలామె ఒంట్లో కండ ఎంత ఉంటుంది? కండే లేనప్పుడు వ్యర్థమూ తక్కువే పుడుతుంది. కాబట్టి మూత్రపిండం సగం పని మానేసినా అంకె పెరగకుండా ఉండిపోతుంది.

1976లో కాక్‌క్రాఫ్ట్, గాల్ట్ అనే ఇద్దరు కెనడా డాక్టర్లు దీనికొక లెక్క కట్టారు. పలకా బలపం తీసుకోండి. 140 లోంచి వయసు తీసెయ్యండి: 140లో 78 పోతే 62. దాన్ని బరువుతో హెచ్చవేయండి: 62 ఇంటూ 45, 2790. దాన్ని 72తోనూ క్రియాటినిన్‌తోనూ భాగించండి: 2790ని 72తో భాగిస్తే 38.75. ఆడమనిషి అయితే 0.85తో హెచ్చవేయాలి. వచ్చేది సుమారు 33. అంటే ఆమె మూత్రపిండాలు నిమిషానికి 33 మిల్లీలీటర్ల రక్తరసాన్నే శుభ్రం చేస్తున్నాయి. పడుచువాళ్ళలో అది 100 దాటి ఉంటుంది. మెట్‌ఫార్మిన్ లాంటి మందును 45 కన్నా తగ్గితే డోసు తగ్గించి వాడాలంటారు, 30 కన్నా తగ్గితే ఆపాలంటారు. ‘నార్మల్’ అని అచ్చేసిన కాగితం వెనక 33 దాక్కుని ఉంది చూడండి! ఈ లెక్క తెలుగు మీడియంలో ఎనిమిదో తరగతి చదివే పిల్ల కూడా చెయ్యగలదు. మీ ఇంట్లో పెద్దవాళ్ళకు ఈ రాత్రే కట్టి చూడండి. ఎంత వచ్చినా హడావుడి పడొద్దు, కాగితం మీద రాసి డాక్టరుకు చూపించండి.

ఇంక అన్నిటికన్నా నన్ను కలవరపెట్టింది చెప్తాను. టెల్మా-హెచ్‌లో చివరనున్న హెచ్ అంటే హైడ్రోక్లోరోథయజైడ్, నీళ్ళ మాత్ర. ఒంట్లో ఉప్పునూ నీటినీ ఒంటేలులో పంపేస్తుంది. అది చాలదన్నట్టు కాళ్ళ వాపుకని ఆరెంపీ లాసిక్స్ ఇచ్చాడు, అదీ నీళ్ళ మాత్రే, ఇంకా గట్టిది. దానికి తోడు మోకాళ్ళ నొప్పికి రోజుకు రెండు జీరోడాల్-పి. బీపీకి టెల్మిసార్టన్ అనే సార్టన్, పైన నీళ్ళ మాత్ర, ఆ పైన నొప్పి మాత్ర. ఈ మూడూ ఒకేసారి పడితే మూత్రపిండం మీద మూడు దెబ్బలు.

ఎట్లాగంటారా? ఒక్కొక్క మూత్రపిండంలో సుమారు పది లక్షల సన్నని వడపోత గుత్తులుంటాయి. ఒక్కొక్క గుత్తిలోకి రక్తం ఒక నాళంలో వస్తుంది, ఇంకో నాళంలో పోతుంది. వరిమడికి నీళ్ళొచ్చే మడవ ఒకటి, పోయే మడవ ఒకటి ఉంటాయి కదా, అట్లనుకోండి. కాలవలో నీళ్ళు తగ్గినప్పుడు తెలిసిన రైతు ఏం చేస్తాడు? వచ్చే మడవ వెడల్పు చేస్తాడు, పోయే మడవకు మట్టి అడ్డమేస్తాడు, మడిలో నీటిమట్టం నిలబడుతుంది. మూత్రపిండమూ అచ్చం ఆ పనే చేస్తుంది. లోపలికొచ్చే నాళాన్ని ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాలతో వెడల్పు చేస్తుంది, బయటికిపోయే నాళాన్ని యాంజియోటెన్సిన్‌తో బిగిస్తుంది. నొప్పి మాత్ర ప్రోస్టాగ్లాండిన్లను ఆపేస్తుంది, వచ్చే మడవ ముడుచుకుపోతుంది. సార్టన్ యాంజియోటెన్సిన్‌ను పనిచెయ్యనివ్వదు, పోయే మడవ తెరుచుకుంటుంది. నీళ్ళ మాత్ర కాలవలో నీళ్ళే తగ్గించేస్తుంది. ఇంక మడిలో నీళ్ళెక్కడుంటాయి? వడపోత ఆగిపోతుంది.

ఇవే మూడు మాత్రలు చలిదేశంలో వేసుకునేవాళ్ళకు ఏమీ కాకపోవచ్చు. మన కడప జిల్లాలో మే నెలంటే 43, 44 డిగ్రీలు. పాపాఘ్నిలో ఇసుక తప్ప నీటిచుక్క కనపడని రోజులు. ముసలివాళ్ళకు దాహం తెలియడమే తక్కువ, పైగా రాత్రి లేవాల్సొస్తుందని సాయంత్రం నుంచి మంచినీళ్ళు మానేస్తారు. ఆ పైన రెండు విరేచనాలైతే చాలు, కొద్ది రోజుల్లోనే క్రియాటినిన్ బాగా పెరిగిపోవచ్చు. ఈ మూడు మందుల్లో ఏదీ చెడ్డది కాదు, రాసినవాళ్ళలో ఎవరూ కావాలని తప్పు రాయలేదు. బీపీ డాక్టరుకు నొప్పి మాత్ర సంగతి తెలియదు. ఎముకల డాక్టరుకు నీళ్ళ మాత్ర సంగతి తెలియదు.

అసలు కాళ్ళెందుకు వాచాయి? అది ఇంకో తీగ, లాగితే డొంకంతా కదిలింది. సర్కారు బండిలో ఇచ్చిన వాటిలో ఆమ్లోడిపిన్ ఉంది. మంచి బీపీ మందు, చవక. కానీ అది సన్నని ధమనులను వదులు చేసేటప్పుడు కొంతమందికి, డోసు పెరిగే కొద్దీ ఎక్కువమందికి, చీలమండల దగ్గర నీరు చేరుతుంది. ఒంట్లో నీరు ఎక్కువై వచ్చే వాపు కాదది, నాళాల్లోంచి కణజాలంలోకి ఊరే నీరు. కాబట్టి నీళ్ళ మాత్రతో పెద్దగా తగ్గదు. ఆ సంగతి చూడకుండా వాపును కొత్త జబ్బనుకుని లాసిక్స్ ఇచ్చారు. లాసిక్స్‌తో ఒంటేలుకు పదేపదే లేవడం. నిద్ర చెడింది, అందుకని ఆల్ప్రాజొలామ్ అనే నిద్రమాత్ర. దాని మత్తులో బచ్చలి దగ్గర పడటం. నొప్పి మాత్రలు ఇంకో వైపు బీపీని పెంచుతాయి, పెరిగిన బీపీకి ఇంకో బీపీ మాత్ర. నొప్పి మాత్ర కడుపులో మండిస్తుందని గ్యాస్ మాత్ర, పాన్-40. ఒక మందు చేసిన పనిని జబ్బనుకుని ఇంకో మందు, దాని మీద ఇంకోటి. పౌలా రోషాన్, జెర్రీ గర్విట్జ్ అనే ఇద్దరు డాక్టర్లు 1997లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఈ మందుల గొలుసు గురించి వివరంగా రాసి, ముసలివాళ్ళకు ఏ కొత్త లక్షణం కనిపించినా ముందు వాడుతున్న మందుల్ని అనుమానించమన్నారు. ఇన్నేళ్ళైనా ఆ మాటకు వన్నె తగ్గలేదు.

కువైట్ డబ్బా సంగతి రెండు ముక్కల్లో చెప్తాను, మన జిల్లాలో గల్ఫ్ పోని ఇల్లు తక్కువ కాబట్టి. ఆ డబ్బాలో పానడాల్ ఉంది. అది మన డోలోలో ఉండే పారాసెటమాలే. జీరోడాల్-పిలో ‘పి’ కూడా పారాసెటమాలే. వదినె పూటకు రెండు పానడాల్ చొప్పున మూడు పూటలా వేసుకున్న రోజున 3000 మిల్లీగ్రాములు, రెండు జీరోడాల్-పిలతో ఇంకో 650. పెద్దమనిషికైనా రోజుకు 4000 దాటకూడదు, 45 కిలోల ఒంటికి అంతకన్నా చాలా ముందే ఆగాలి. మోతాదు దాటితే దెబ్బతినేది కాలేయం, అది నొప్పి పెట్టి చెప్పదు కదా.

ఇట్లా సంచి మొత్తం ముందేసుకుని, ఒక్కొక్క మందునూ ఇదెందుకు, ఈ మనిషికి ఈ మూత్రపిండంతో ఈ డోసు తగునా, ఇంకోదానితో కలిస్తే ఏమవుతుంది, ఇంకా అవసరముందా అని అడిగి, డాక్టరుకు రాతపూర్వకంగా చెప్పడమే ఫార్మసిస్టు చేసే మందుల సమీక్ష. చేసేవాళ్ళకు తోడుగా జాబితాలున్నాయి. 1991లో మార్క్ బీర్స్ అనే అమెరికా వైద్యుడు ముసలివాళ్ళకు వీలైనంతవరకు ఇవ్వకూడని మందుల పట్టిక తయారుచేశాడు, దాన్ని ఇప్పటికీ తిరగరాస్తూ ఉన్నారు, 2023లో కూడా ఒకసారి తిరగరాశారు. 2008లో ఐర్లండువాళ్ళు ఇంకోటి చేశారు. దాంట్లో ఆపాల్సినవే కాకుండా, ఇవ్వాల్సుండి ఎవరూ ఇవ్వకుండా వదిలేసినవి కూడా ఉంటాయి. సమీక్ష అంటే మందులు తీసెయ్యడమే అనుకునేవాళ్ళు ఆ రెండో సగాన్ని గమనించాలి. ఆస్ట్రేలియాలో 2001 నుంచి డాక్టరు చీటీ రాస్తే ఫార్మసిస్టు ఇంటికొచ్చి సంచి చూసిపోతాడు, ఫీజు ప్రభుత్వం ఇస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో మందుల వల్ల జరిగే హానిని తగ్గించాలని పిలుపునిచ్చినప్పుడు, ముఖ్యంగా చూడమన్న మూడింటిలో ఒకటి ఇదే, ఎక్కువ మందులు ఒకేసారి వాడటం.

అన్నీ సాఫీగా జరిగాయని చెప్తే సైన్సు కబుర్లు కావు. ఇంగ్లండులో ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన 80 దాటినవాళ్ళ ఇళ్ళకు ఫార్మసిస్టుల్ని పంపి చూశారు. 2005లో ఫలితాలొచ్చాయి. మళ్ళీ ఆసుపత్రిలో చేరడం తగ్గుతుందనుకుంటే, ఫార్మసిస్టు పోయిన ఇళ్ళవాళ్ళలో 30 శాతం పెరిగింది! దాన్ని దాచకుండా అచ్చేశారు, అది సైన్సు గొప్పతనం. ఇంటికి పోయి నాలుగు మాటలు చెప్పి రావడం ఒక్కటే సరిపోదని నాకు అర్థమైంది. ఇంకోవైపు 2018లో కెనడాలోని క్యూబెక్‌లో 69 మందులంగళ్ళలో జరిగిన ప్రయోగం చూడండి. అక్కడ ఫార్మసిస్టులు రెండే పనులు చేశారు. నిద్రమాత్రలూ నొప్పి మాత్రలూ వంటివి వాడే పెద్దవాళ్ళ చేతిలో, వాళ్ళకు అర్థమయ్యే భాషలో ఒక చిన్న పుస్తకం పెట్టారు. వాళ్ళ డాక్టరుకు కారణాలతో ఉత్తరం రాశారు. ఆరునెలల్లో 43 శాతం మంది ఆ మందు మానగలిగారు. మామూలుగా వదిలేసిన వాళ్ళలో మానింది 12 శాతమే. మనిషికి అర్థమయ్యేట్టు చెప్పాలి, డాక్టరుకు కాగితం చేరాలి. రెండూ జరగాలి.

మా వదినె విషయంలో ఆ పిల్ల చేసిందీ అదే. ఒక పేజీ ఉత్తరం రాసింది. ఎడమవైపు పది మందులు, కుడివైపు ఒక్కొక్క వాక్యంలో తన అనుమానం, కింద మూత్రపిండం లెక్క. వాళ్ళ సారుకు చూపించి దిద్దించుకుని, కడప డాక్టరు దగ్గరికి అవ్వతో కలిసి పోయింది. ఆ డాక్టరు మంచి మనిషి, కాగితం పక్కన పెట్టకుండా చదివాడు. పొటాషియం, సోడియం పరీక్షలు చేయించాడు. రెండేసి ఉన్నవి ఒక్కటయ్యాయి. నీళ్ళ మాత్రలు రెండూ పోయాయి. ఆమ్లోడిపిన్ సగానికి తగ్గింది, పది రోజులకల్లా పాదాల వాపు దిగింది. గ్లిమెపిరైడ్ పూర్తిగా ఆపి, మెట్‌ఫార్మిన్ తగ్గించి ఉంచాడు. జీరోడాల్ ఆపి, లెక్కప్రకారం పారాసెటమాల్, పైపూత. నొప్పి మాత్ర పోయింది కాబట్టి గ్యాస్ మాత్రకూ పనిలేకుండా పోయింది. నిద్రమాత్రను మాత్రం ఒక్కసారిగా ఆపలేదు, వారాల మీద కొంచెం కొంచెంగా తగ్గించమన్నాడు. తెల్లవారుజాము చెమటలు ఆగాయి. లేచి నిలబడితే కండ్లు తిరగడం తగ్గింది. మోకాళ్ళ నొప్పి ఉంది, పోలేదు. పోతుందని ఎవరూ చెప్పనూలేదు.

మందుల గురించి తెలుగువాడు మాట్లాడుతూ యల్లాప్రగడ సుబ్బారావుగారి పేరెత్తకుండా ఉండలేడు. 1895లో భీమవరంలో పుట్టి, అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో పనిచేసి, 1948లో కన్నుమూసిన మహానుభావుడు. ఆయన బృందం చేతుల మీదుగా వచ్చినదే మెథోట్రెక్సేట్. కాన్సరుకు పుట్టిన ఆ మందును, బాగా తక్కువ డోసులో కీళ్ళవాతానికి కూడా ఇస్తారు. అయితే కీళ్ళవాతానికి అది వారానికి ఒక్కసారే. మిగతా మాత్రలన్నీ దినామూ వేసుకునే అలవాటులో దీన్నీ దినామూ వేసుకున్నవాళ్ళకు నోరంతా పుండ్లు పడి, ఎముక మూలుగ దెబ్బతిని ప్రాణాల మీదికొచ్చిన కేసులు ప్రపంచమంతటా ఉన్నాయి. అంత గొప్ప మందు ఒక్క మాట చెప్పేవాళ్ళు లేక విషమవుతుంది. చీటీ మీద ‘వారానికోసారి’ అని రాసి ఊరుకోకుండా ‘ఆదివారం మాత్రమే’ అని తెలుగులో రాసి, చదివి వినిపించి, తిరిగి చెప్పించుకోవాలి. ఫార్మసిస్టు అనేవాడు ఉండాల్సింది ఆ నిమిషం కోసం.

మనకు ఆ మనుషులు లేరా అంటే, ఉన్నారు. మన దేశంలో 2008లో ఫార్మ్‌-డి చదువు మొదలైంది. ఐదేళ్ళు చదువు, ఒక ఏడాది ఆసుపత్రిలో శిక్షణ. అనంతపురం రైపర్ కాలేజీ పిల్లలు బత్తలపల్లి ఆర్డీటీ ఆసుపత్రిలో, కడప పిల్లలు రిమ్స్‌లో డాక్టర్ల వెంట వార్డులు తిరిగి, రోగుల చీటీలు చూసి నేర్చుకుంటారు. చట్టం కూడా ఉంది. 2015లో ఫార్మసీ కౌన్సిల్ తెచ్చిన నిబంధనల్లో, మందు ఇచ్చే ముందు ఒకే మందు రెండుసార్లు పడుతోందా, ఒకదానికొకటి పడదా, డోసు సరైనదేనా అని ఫార్మసిస్టు చూడాలనీ, వేసుకునే పద్ధతి మనిషికి వివరించాలనీ స్పష్టంగా ఉంది. లేనిది ఆ పనికి కూర్చోవడానికి ఒక కుర్చీ, ఇవ్వడానికి ఒక జీతం. ఆరేళ్ళు చదివిన పిల్లలు ఆ పని దొరక్క హైదరాబాదులోనో బెంగుళూరులోనో కంప్యూటరు ముందు కూర్చుని విదేశాల మెడికల్ బిల్లులు కోడింగ్ చేస్తున్నారు. నాకు ఇది బాధగా ఉంది. 2011 జనగణన నాటికే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 60 దాటినవాళ్ళు నూటికి దాదాపు పదిమంది. పడుచువాళ్ళు కువైట్‌కూ బెంగుళూరుకూ పోయిన మన పల్లెల్లో ఇంకా ఎక్కువే కనిపిస్తారు. మండలానికి ఒక్క ఫార్మ్‌-డి పిల్లను సర్కారు ఆసుపత్రిలో కూర్చోబెట్టి, వారంలో ఒకరోజు పెద్దవాళ్ళ సంచులు చూసే రోజుగా పెడితే, అయ్యే ఖర్చు ఎంత? ఒక్క డయాలసిస్ రోగికి ఏడాదికయ్యే ఖర్చు పక్కన పెట్టి చూడండి. ప్రభుత్వం తలుచుకుంటే వచ్చే ఏడాదే చెయ్యగలిగిన పని ఇది.

అందాకా మీరు చెయ్యగలిగింది కొంత ఉంది. సంచిలో ఉన్నవన్నీ, చెట్టుమందులూ పొడులూ చూర్ణాలూ సహా, ఒకే కాగితం మీద రాయండి. నాటుపొడులను దాచొద్దు, మోకాళ్ళ నొప్పిని మంత్రమేసినట్టు తగ్గించే కొన్ని పొడుల్లో స్టెరాయిడ్ కలిపి ఉంటుంది. అంగట్లో కత్తెరతో స్ట్రిప్పు కోసిచ్చినప్పుడు, మందు పేరూ గడువు తేదీ ఉన్న ముక్క మీకే రావాలని అడగండి. పేరు లేని మాత్రను ఎవరూ సమీక్షించలేరు.

మీ అంతట మీరు మాత్రం ఏదీ ఆపొద్దు. గుండెకు స్టెంటు వేయించుకున్నవాళ్ళు క్లోపిడోగ్రెల్, ఆస్పిరిన్ ఆపితే స్టెంటులో రక్తం గడ్డకట్టొచ్చు. అటెనొలాల్, మెటోప్రొలాల్ లాంటివి ఒక్కసారిగా మానితే గుండె దడ, బీపీ ఎగసిపడతాయి. చాలాకాలంగా వాడిన స్టెరాయిడ్, మూర్ఛ మాత్రలు, నిద్రమాత్రలు, ఇవేవీ హఠాత్తుగా మానకూడదు. అన్నిటికీ డాక్టరు చేతిమీదుగా దిగే మెట్లున్నాయి.

ఎండలు ముదరకముందే, ఉగాది లోపల, ఇంట్లో పెద్దవాళ్ళకు క్రియాటినిన్, సోడియం, పొటాషియం చూపించండి. చూపించిన నాడే డాక్టరును ఇంకో మాట అడిగి రాయించుకోండి: వాంతులో విరేచనాలో పట్టుకున్న రోజు, అన్నం నీళ్ళు సహించని రోజు, ఏ మాత్రలు ఆపాలి, మళ్ళీ ఎప్పుడు మొదలుపెట్టాలి అని. సాధారణంగా నీళ్ళ మాత్ర, సార్టన్, మెట్‌ఫార్మిన్, నొప్పి మాత్ర ఆ జాబితాలో ఉంటాయి. ఆ కాగితాన్ని మందుల దగ్గరే పెట్టి, ఇంకో ప్రతిని ఫోటో తీసి కువైట్‌లో ఉన్న కొడుక్కో కూతురికో పంపండి. అర్ధరాత్రి అమ్మ ఫోను చేసి ఒంట్లో బాగలేదంటే, అంత దూరం నుంచైనా వాళ్ళు చూసి చెప్పగలుగుతారు.